ఐవోరి పేరుతో వచ్చిన ఫైలు

తెల్లవారి అయిదున్నర. తిరుపతి బస్టాండుకు ఎదురుగా శ్రీనివాసం గేటు, గేటు పక్కన టీ కొట్టు, కొట్టు ముందర నేనూ నా స్నేహితుడూ. బెంగుళూరు బస్సు ఒకటి, చెన్నై బస్సు ఒకటి జనాన్ని దింపి పోయాయి. గుండు చేయించుకుని కొండ దిగినవాళ్లు, చేయించుకోవడానికి పోయేవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని టీ ఊదుకుంటున్నారు. లోపల సర్వదర్శనం టోకెన్ల కోసం అప్పటికే బారులు తీరారు. పసిబిడ్డను భుజాన వేసుకుని, ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని ఒక్కో అడుగే ముందుకు జరుగుతున్నారు. ఈ ఊళ్లో అడుగుపెట్టిన ప్రతి మనిషీ మొట్టమొదట చేసేది ఎదురుచూడడమే.

ఇవాళ 2025 జూలై 24, గురువారం, ఆషాఢ అమావాస్య. పొద్దున పదింటికి దేవస్థానం వెబ్‌సైట్‌లో అక్టోబరు నెల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వదులుతారు. రైల్వే స్టేషన్ పక్క సందులో నెట్ సెంటర్ నడిపే నా స్నేహితుడికి నెలలో ఇంతకంటే పెద్ద రోజు లేదు. వాడి పక్కన ఒక రోజంతా కూర్చుందామని నిన్న రాత్రే వచ్చాను.

టీ సగం తాగామో లేదో, ఒకాయన కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. వెనక భార్య, ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు, మూడు సంచులు. సోలాపూర్ నుంచి వచ్చారట. తాతల కాలంలో నేత పనికి తెలంగాణ నుంచి అక్కడికి పోయి స్థిరపడిన పద్మశాలీలు. ఇంట్లో ఇంకా తెలుగే, మరాఠీ కలిసిన తెలుగు.

"అన్నా, రూము బుక్ చేసుకున్నం. లోపల్కి పోనిస్తలేరు. జర చూడుండ్రి."

నా స్నేహితుడు కాగితం అందుకున్నాడు. నేనూ తల వంచి చూశాను. పైన నామం, అటూ ఇటూ శంఖుచక్రాలు, మధ్యలో శ్రీవారి ఫొటో. ఆయన పేరు, వయసు, అయిదుగురు మనుషులు, ఇవాళ్టి తేదీ, రెండు వేల రూపాయలు, పక్కన ఆకుపచ్చ టిక్కు. మూలలో క్యూఆర్ కోడ్ కూడా ఉంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వాడు మాత్రం ఇవేవీ చూడకుండా కాగితం అడుగు అంచుకు వేలు పెట్టాడు. ప్రింటు తీసినప్పుడు సైటు చిరునామా చీమ తలకాయంత అక్షరాలతో పడే చోటది.

"సామీ, యాడ దొరికింది మీకీ సైటు?"

"ఫేస్‌బుక్‌ల. బాలాజీ భక్తుల గ్రూపు ఉంది కదా. అండ్ల ఒకామె పెట్టింది, నాకు రూము దొరికింది, మీరూ చేసుకోండ్రి అని."

"ఇది మన దేవస్థానంది గాదు సామీ."

ఆయన నమ్మలేదు. కాగితాన్ని వెనక్కి తీసుకుని, మడతలు సరిచేసి, మళ్లీ చూసుకున్నాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. పోయిన రెండు వేల కంటే, తల్లి ముందర మాట పోయినట్టుంది ఆయనకు.

చిరునామాను ఎప్పుడూ కుడివైపు నుంచి చదవాలి. ఉత్తరం మీద ముందు ఇంటి నంబరు, తర్వాత వీధి, ఊరు, చివర జిల్లా రాస్తాం కదా. జిల్లా మారిపోతే అదే వీధి పేరుతో, అదే ఇంటి నంబరుతో ఉత్తరం వేరే లోకానికి పోతుంది. వెబ్‌సైటుకూ చివరి ముక్కే జిల్లా. చివర 'గవ్ డాట్ ఇన్' అని ఉందంటే అది ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇచ్చే పేరు. 'డాట్ ఆర్గ్' అని ఉంటే కొన్ని వందల రూపాయలు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. 2023లో దేవస్థానం ఒక నకిలీ సైటును పట్టుకుని తిరుమల వన్‌టౌన్ పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టించింది. అప్పట్లో అసలు సైటు 'తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. దొంగది 'తిరుపతిబాలాజీ అడ్డగీత ఏపీ అడ్డగీత గవ్ డాట్ ఆర్గ్'. చుక్కలు ఉండాల్సిన చోట చిన్న అడ్డగీతలు, చివర ఒక ముక్క మార్పు, అంతే తేడా. అలాంటి నకిలీల్లో అది 41వదని అప్పుడు లెక్క చెప్పారు. 2024 జనవరిలో దేవస్థానం తన సైటు పేరే 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని మార్చింది. సోలాపూర్ ఆయన కాగితం అంచున ఉన్నదీ అదే తీరు. అడ్డగీతలు రెండు, చివర ఒక చుక్క.

"రవంత సేపు ఇట్ల కూర్చోండి," అన్నాడు నా స్నేహితుడు ముసలామెకు బెంచీ చూపిస్తూ. "టోకెన్లు ఇస్తా ఉండారు. దీనికి రూపాయి కట్టే పని లేదు. నేను నిలబెడతా రండి." ఆయన్ని వెంటబెట్టుకుని వరస దగ్గరికి పోయాడు.

సరిగ్గా అప్పుడు నా ఫోన్ మోగింది. వాట్సాప్. టైము ఆరూ పది. పంపింది మా చిన్నాయన.

చిన్నాయన బంగారుపాళ్యం దగ్గర మా ఊళ్లోనే ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యాడు. ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు, ఐవోరు అంటారు. మెసేజీల్లో కూడా మొదట ఆశీస్సులు చెప్పి, వాక్యం చివర చుక్క పెట్టి, కింద సంతకం చేసే మనిషి. ఇప్పుడు వచ్చినదాంట్లో ఆశీస్సులు లేవు. 'పీఎం కిసాన్ 20వ విడత, ఈకేవైసీ కాని రైతులు ఈరోజే పూర్తి చేసుకోవాలి' అని ఒక వాక్యం, దాని కింద ఒక ఫైలు. ఫైలు పేరు చివర చుక్క, ఏపీకే. అంటే అది కాగితమూ కాదు, ఫొటోనూ కాదు. ఫోన్‌లోకి ఎక్కి కూర్చునే ప్రోగ్రాము.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆ వేళప్పుడు ఆవుల దగ్గర ఉంటాడు. మా ఊరి మామిడి రైతుల గ్రూపు తెరిచి చూశాను. అదే మెసేజ్, అదే ఫైలు, ఆయన పేరుతోనే. కింద అప్పటికే ఏడెనిమిది దండాలు. 'మంచిది ఐవోరా' అని ఒకరు. 'మాకు తెరుచుకోలేదు, మళ్లీ పంపండి' అని ఇంకొకరు.

గుండె జారింది. వెంటనే గ్రూపులో రాశాను, తెరవొద్దు, అది చిన్నాయన పంపింది కాదు అని. నా మాట కింద ఒక్క దండం కూడా పడలేదు. తిరుపతిలో ఉండేవాడి మాట కన్నా ఐవోరి మాట బరువు.

*

ఏడింటికి నెట్ సెంటర్ తెరిచాం. అమావాస్య కదా, వాడు గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొట్టి, కుంకుమ నీళ్లు చల్లి, పాత నిమ్మకాయ తీసి కొత్తది కట్టాడు. ఆరు కంప్యూటర్లు. మూడు పాతవి, మూడు మరీ పాతవి. కరోనా సమయంలో దర్శనాలు ఆగి, మళ్లీ మొదలై, నియమాలు మారినప్పుడు, అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పలేక ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు పెట్టాడు. ఇప్పుడు అందులో వేల మంది. ఉత్తినే చేసే పని. పొద్దున లేవగానే ముగ్గు వేసే చోటు ఊడ్చినట్టు ముందు ఆ గ్రూపు ఊడ్చాలి అంటాడు.

"చూడు," అని కుర్చీ నా వైపు జరిపాడు.

రాత్రి పదకొండు నుంచి తెల్లవారేలోపు గ్రూపులో చేరతామని 43 మంది అడిగారు. ఒకదాన్ని నొక్కాడు. ప్రొఫైల్ ఫొటో శ్రీవారిది. ఖాతా పుట్టి మూడు రోజులు. ఈ మూడు రోజుల్లోనే ఆ 'భక్తుడు' చేరిన గ్రూపుల వరస కిందికి పోతూనే ఉంది: తిరుమల సమాచారం పేరుతో పద్దెనిమిది, అరుణాచలం గిరిప్రదక్షిణ, షిరిడీ, కువైట్ ఉద్యోగాలు, సెకండ్ హ్యాండ్ బైకులు. మనిషైతే మూడు రోజుల్లో ఇన్ని ఇష్టాలు పెంచుకోలేడు. తీసేశాడు. తర్వాతది. దాన్నీ తీసేశాడు. పదకొండోది మాత్రం నిజమైన మనిషి. అనంతపురం నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్, అయిదేళ్ల నుంచి పిల్లల ఫొటోలు, వాళ్ల ఊరి జాతర ఫొటోలు. ఆమెను చేర్చుకున్నాడు.

"ఈళ్లు గేటు కాడ ఆగేవాళ్లు. లోపలికొచ్చి నిద్ర పోయేవాళ్లు ఉండారు, వాళ్లతోనే కష్టం," అన్నాడు. చేరిన తర్వాత నాలుగైదు నెలలు ఏమీ అనరు. అప్పుడప్పుడూ ఒక దండం, ఒక గోవిందా. అందరికీ పాత మనుషులే అనిపించాక ఒక పొద్దున లేస్తారు. ఇంకో పద్ధతి, ముందు మంచి పోస్టు పెట్టడం. కొండ మీద వాన ఫొటో. అడ్మిన్ సరేనంటాడు, వందమంది చూస్తారు, ఆ తర్వాత అదే పోస్టును దిద్ది లింకు చేరుస్తారు. ఫోన్ నంబరును సగం అంకెల్లో సగం అక్షరాల్లో రాస్తారు, సున్నా బదులు ఇంగ్లీషు ఓ పెడతారు. మాటల్ని పట్టే జల్లెడకు దొరక్కుండా మొత్తం విషయాన్ని బొమ్మగా చేసి అతికిస్తారు.

తొమ్మిదిన్నర అయ్యేసరికి ఆరు కంప్యూటర్ల ముందూ మనుషులు నిండారు. వెనక నిలబడినవాళ్లు ఇంకో పదిమంది. ఒక గర్భిణి, వాళ్లమ్మ. మొక్కు తీర్చుకోవాల్సిన కొత్త జంట. దేవస్థానం సైటు తెరిస్తే మీ వంతు వచ్చేదాకా ఆగండి అని గీత ఒకటి మెల్లగా నిండుతూ ఉంది. ఎవరూ మాట్లాడడం లేదు. ఫ్యాను తిరిగే చప్పుడొకటే.

నా స్నేహితుడు తన ఫోన్ నా ముందుకు జరిపాడు. గ్రూపులో ఇంతసేపూ నిదానంగా వచ్చిన కామెంట్లు ఒక్కసారిగా ముసురుకుంటున్నాయి. సైటు తిరుగుతానే ఉంది ఏం చెయ్యాలి అని ఒకరి ప్రశ్న. కింద వెంటనే జవాబు, నాకూ ఇట్లే అయింది, ఈ నంబరుకు వాట్సాప్ చేస్తే అయిదు నిమిషాల్లో టికెట్ వచ్చింది. దాని కింద మూడో మనిషి, థాంక్యూ సార్, నాకూ వచ్చింది, గోవిందా గోవిందా. ముగ్గురి ఖాతాలూ విప్పి చూపించాడు. పుట్టిన తేదీ ఒకటే. అడిగినవాడూ చెప్పినవాడూ మెచ్చుకున్నవాడూ ఒకే చెయ్యి. ఏడాదిలో ఏ రోజైనా రాగల ఆ కామెంట్లు 24వ తేదీ పదింటికి పది నిమిషాల ముందు వస్తున్నాయి. ఆ గీత నిండుతూ ఉన్నప్పుడు, చేతులు చల్లబడి ఉన్నప్పుడు, వెనక నుంచి ఎవరో పిలిచి పని నేను చేసిపెడతానంటే తల తిప్పకుండా ఎవరుంటారు? సోలాపూర్ ఆయన తల తిప్పింది ఇట్లాంటి నిమిషంలోనే.

అడగనివాళ్ల మీద ప్రకటనలు పోసే ఈ పని పుట్టుకలోనే ఈ వాసన ఉంది. 1978 మే నెలలో, ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్‌లో, గ్యారీ థ్యూర్క్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి తమ కొత్త మెషీన్లను చూడ్డానికి రమ్మని సుమారు నాలుగొందల మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. అడగకుండా వచ్చిపడిన మొదటి ఎలక్ట్రానిక్ ప్రకటన అదేనంటారు. కానీ నాకు ఎక్కువ గుర్తుండేది 1994 ఏప్రిల్‌లో జరిగింది. లారెన్స్ కాంటర్, మార్తా సీగెల్ అనే లాయరు దంపతులు అరిజోనాలో కూర్చుని యూజ్‌నెట్ అనే చర్చావేదికల్లో వేల గ్రూపులకు ఒకే ప్రకటన పోశారు. దేని గురించంటే అమెరికా గ్రీన్ కార్డు లాటరీ. ఎవరికి వాళ్లు ఒక ఉత్తరం రాసుకుని పంపితే సరిపోయే దరఖాస్తు. దానికి ఫీజు తీసుకుని మేం పంపిస్తాం అన్నారు. మన ఊళ్లో ఉచిత టోకెన్ వరస పక్కనే నిలబడి రెండు వేలు పట్టుకుపోయినవాడు ముప్పై ఏళ్ల కిందటి ఆ దంపతుల కంటే కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఎక్కడ జనం దేనికోసమో ఎదురుచూస్తున్నారో కనిపెట్టడం, అక్కడికి పోవడం. పదివేల మందికి పంపినా ఒక్కరికి పంపినంతే ఖర్చు కాబట్టి, వాళ్లలో ముగ్గురు తల తిప్పితే చాలు, పెట్టిన ఖర్చు తిరిగొచ్చేస్తుంది.

పదీ ఏడు నిమిషాలకు గర్భిణి తల్లి "వచ్చేసింది, వచ్చేసింది" అని గట్టిగా అరిచింది. గది మొత్తం ఊపిరి వదిలింది. నా ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి మా తమ్ముడు, చిన్నాయన కొడుకు.

"అన్నా, నాయన వాట్సాప్ పనిచెయ్యడం లేదు. బ్యాంకులో పాల బిల్లు పదకొండు వేలు పోయినాయి. నువ్వు ఒకసారి రా."

*

చిత్తూరు బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది. చంద్రగిరి కోట కుడివైపు గుట్ట కింద కనబడి వెనక్కి పోయింది. ఎస్సెమ్మెస్‌లు తెరిచి కూర్చున్నాను. పంపినవాళ్ల పేర్ల చివర ఇప్పుడు ఒక అడ్డగీత, ఒక అక్షరం ఉంటున్నాయి. మీ ఫోన్‌లోనూ చూడండి. జీ అంటే ప్రభుత్వం, పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవలకు, టీ అంటే లావాదేవీలకు సంబంధించినది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన గుర్తులు. కంపెనీలు మెసేజ్ పంపాలంటే పేరూ, పంపబోయే మాటల నమూనా కూడా ముందే నమోదు చేసుకోవాలి. 2021 మార్చి 8న ఈ జల్లెడను గట్టిగా బిగిస్తే నమోదు చేసుకోని బ్యాంకుల ఓటీపీలు కూడా ఆగిపోయి దేశమంతా గగ్గోలు లేచింది, వారం రోజులు సడలించాల్సి వచ్చింది. మొత్తానికి ఆ వైపు కంచె కొంత గట్టిపడింది. ఒకవైపు కంచె వేస్తే పశువు ఇంకోవైపు సందు వెతుక్కుంటుంది. ఆ సందు వాట్సాప్ గ్రూపు అయింది. అక్కడ అడ్డుపెట్టుకునేది కంపెనీ పేరు కాదు, మన పిన్నమ్మ పేరు, మన ఐవోరి పేరు.

వాట్సాప్ కూడా తన వంతు కంచె వేయకపోలేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న పుకారు మన జిల్లాల్లోనూ, పక్కన తమిళనాడులోనూ ఊరూరూ తిరిగి, ముక్కూమొహం తెలియని మనుషుల ప్రాణాలు తీసింది. ఆ జూలైలోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టారు. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడిన సందేశాన్ని ఒకసారికి ఒకే చోటికి పంపగలిగేలా బిగించారు. మంచిదే. కానీ చిన్నాయన పేరుతో పొద్దున వచ్చిన ఫైలుకు ఒక్క బాణం కూడా లేదు. ఎవరి నుంచో అందుకుని పంచింది కాదు కదా, ఆయన ఖాతాలో కూర్చుని కొత్తగా పంపింది.

పూతలపట్టు దాటుతుంటే జేజి గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఇంటికి ఒక పోస్టుకార్డు వచ్చింది. పదిహేను పైసల కార్డు. రాసిందెవరో తెలియదు. కొండ మీద గుళ్లో పూజారికి పాము కనిపించిందని, మాట్లాడిందని, ఈ సంగతి ఇరవై ఒక్కమందికి రాసినవాళ్లకు తొమ్మిది రోజుల్లో శుభం జరుగుతుందని, చింపేసినవాళ్లకు నష్టమని. జేజి కళ్లకద్దుకుంది. మూడు రూపాయల పదిహేను పైసలు కొంగు విప్పి ఇచ్చి నాతో ఇరవై ఒక్క కార్డులు తెప్పించింది. అరుగు మీద బోర్లా పడుకుని రాస్తున్నా. ఆరో కార్డు మీద ఉన్నప్పుడు చిన్నాయన బడి నుంచి వచ్చాడు. చదివాడు. వచ్చిన కార్డును రెండు ముక్కలు చేసి సంగటి ఉడుకుతున్న పొయ్యిలో వేశాడు. "దేవుడు బెదిరించి ఉత్తరాలు రాపిచ్చుకుంటాడా అమ్మా?" అన్నాడు. జేజి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి దేవుడి పటం వెనక పెట్టింది. మిగిలిన ఖాళీ కార్డులు చిన్నాయన బళ్లో పిల్లలకిచ్చి, ఎవరి నాయనకు వాళ్లు ఉత్తరం రాయమన్నాడు.

ఆ మనిషి పేరుతో ఇవాళ.

*

మధ్యాహ్నం రెండు దాటింది. ఊరి మొదట్లో తోతాపురి తోటలు కోతలు ముగిసే దశలో ఉన్నాయి. ఈ ఏడు కాయకు ధర లేదు. ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది ఇవ్వాలని, ప్రభుత్వం నాలుగు కలుపుతుందని ప్రకటన వచ్చింది, ఆ నాలుగు ఎప్పుడు పడతాయా అని అందరి చూపూ ఫోన్ల మీదే. పీఎం కిసాన్ 19వ విడత ఫిబ్రవరిలో పడింది, 20వది జూన్‌లో వస్తుందనుకుంటే జూలై ఆఖరైనా లేదు. ఈ ఊరి కంప్యూటర్ పరిజ్ఞానం గురించి ఆ ఫైలు తయారుచేసినవాడికి ఏమీ తెలియకపోవచ్చు. ఈ ఊరి ఎదురుచూపు గురించి మాత్రం తేదీతో సహా తెలుసు.

చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, మళ్లీ కూర్చున్నాడు. "నేను పంపలేదు నాయనా," అన్నాడు. అది తప్ప ఇంకేమీ అనలేదు.

తమ్ముడి ముందు చాప మీద నాలుగు ఫోన్లున్నాయి, ఊళ్లోవాళ్లవి. పొద్దున్నే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాడు. బ్యాంకుకు పోయి ఖాతా నిలిపించాడు. ఇప్పుడు ఒక్కో ఫోన్ పట్టుకుని చూస్తున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

నిన్న రాత్రి ఎనిమిదింటికి చిన్నాయనకు ఈ ఫైలు వచ్చింది, కుప్పం వైపు ఉండే ఆయన పాత విద్యార్థి నుంచి. నొక్కాడు. బయటి నుంచి వచ్చిన ప్రోగ్రామును ఎక్కించాలా అని ఫోన్ అడిగింది. అవునన్నాడు. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కావాలంది. రైతు సేవ కదా అని సరేనన్నాడు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అడిగే పేజీ వచ్చింది, నింపాడు. 'సర్వర్ బిజీ' అంది. పడుకున్నాడు. ఆ తర్వాత జరిగిందంతా ఆయన నిద్రలో జరిగింది. ఎక్కడో ఎవరో ఆయన నంబరుతో తమ ఫోన్‌లో వాట్సాప్ తెరిచారు. ఓటీపీ ఈ ఫోన్‌కు వచ్చింది, లోపల కూర్చున్నది దాన్ని చదివి అటు అందించింది. ఆయన ఖాతా ఇక్కడ మూతబడి అక్కడ తెరుచుకుంది. ఆరూ పదికి ఆయనున్న గ్రూపులన్నిటికీ, మామిడి రైతులు, పాల సంఘం, పదో తరగతి పాత విద్యార్థులు, మా చుట్టాలు, అన్నిటికీ ఫైలు వెళ్లింది.

మామిడి పూతకు తేనెమంచు పురుగు పడితే రైతు పడిన చెట్టును మాత్రమే చూడడు, గాలి ఏవైపు నుంచి వచ్చిందో చూస్తాడు. తమ్ముడు అదే చేస్తున్నాడు. కుప్పం అబ్బాయికి ఫోన్ చేశాడు. అతనికి వాళ్ల బావమరిది నుంచి. బావమరిదికి హోసూరులో కలిసి పనిచేసే మనిషి నుంచి. ఆ మనిషికి ఒక పెళ్లి పత్రిక రూపంలో. అక్కడ దారి తెగిపోయింది. నాలుగు చేతులు, నాలుగూ మంచివాళ్ల చేతులే.

అయితే ఆ చివర కూర్చున్న చెయ్యి ఎవరిది? అందరూ దొంగ అని ఊరుకుంటారు గానీ, 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన సంగతి నన్ను వదలదు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి, ఏజెంట్లకు డబ్బు కట్టి బయల్దేరిన మన కుర్రాళ్లను కంబోడియాకు చేర్చి, గదుల్లో పెట్టి, ఇక్కడి జనానికి ఇలాంటి వలలు వేసే పనిలో కూర్చోబెట్టారు. చెయ్యనన్నవాళ్లను హింసించారు. కొందరు తిరగబడి బయటపడితే విశాఖకు తీసుకొచ్చారు. చాప మీద ఉన్న ఫోన్లలో ఒకదాంట్లో, ఐవోరి ఫైలుకు నాలుగు మెసేజీల పైన, 'విదేశాల్లో డేటా ఎంట్రీ, భోజనం వసతి ఉచితం' అన్న ప్రకటన ఇంకా అలాగే ఉంది. ఎవరూ తీసేయలేదు. నేను అడ్మిన్‌కు చెప్పి తీయించాను.

నాలుగు ఫోన్లలో రెండింటిలో ఫైలు ఎక్కింది. ఆ రెండిట్లో నెట్ ఆపి, ఆ ప్రోగ్రాము పీకేసి, ఖాతాలు నిలిపించాం. మూడో ఆమె, పాల సంఘంలో లెక్కలు రాసే అక్క, నొక్కింది గానీ ఫోన్‌లో చోటు చాలక ఎక్కలేదు. మనవడి వీడియోలు ఆమెను కాపాడాయి.

చిన్నాయన వాట్సాప్ తిరిగి తెరవాలని చూశాం. వాళ్లు లోపల ఆరంకెల పిన్ను పెట్టిపోయారు. అది తెలియకుండా తెరవాలంటే ఏడు రోజులు ఆగాలి.

"ఏడు దినాలు నేను మాట్లాడేదానికి లేదా?" అన్నాడు.

"నా ఫోన్‌లో మాట్లాడు నాయనా," అని తమ్ముడు తన ఫోన్ ఆయన నోటి దగ్గర పట్టుకున్నాడు.

చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. బళ్లో హాజరు పిలిచే గొంతు. "అందరికీ ఆశీస్సులు. నేను ఐవోరిని మాట్లాడతా ఉండా. పొద్దున నా పేరుతో ఒక ఫైలు వచ్చింది. అది నేను పంపింది గాదు. తెరవబాకండి. తెరిచినోళ్లు సిగ్గుపడి దాచిపెట్టుకోబాకండి, నేనే తెరిచినా. నా దుడ్లు పోయినాయి. బ్యాంకుకు పోండి, 1930కి చెయ్యండి. ప్రభుత్వం దుడ్లు ఇచ్చేదానికి ఫైలు పంపదు. నా గొంతు మీకు తెలుసు గదా. గొంతు వినకుండా నా పేరును నమ్మబాకండి." కొంచెం ఆగి, "ఉంటా," అన్నాడు.

మామిడి రైతుల గ్రూపులో పడిన నిమిషానికే దండాలు మొదలయ్యాయి. తర్వాత ఒకరు రాశారు, ఐవోరా నేనూ తెరిచినా అని. ఇంకొకరు, నేనూ. మొత్తం ఆరుగురు. పొద్దుటి నుంచీ ఒక్కరూ నోరు విప్పలేదు.

పీఎం కిసాన్ డబ్బులు ఆ తర్వాత, ఆగస్టు 2న పడ్డాయి. ఏ ఫైలూ తెరవకుండానే.

*

రాత్రి పదిన్నరకు తిరుపతి చేరాను. నెట్ సెంటర్ షట్టర్ సగం దించి ఉంది. లోపల నా స్నేహితుడు ఒక్కడే, ఫోన్ ముందు వంగి. సోలాపూర్ వాళ్లకు టోకెన్లు దొరికాయట. ముసలామె నడిచే ఎక్కుతానంటే ఎట్లాగో బస్సెక్కించాడట.

"నీకొకటి పంపినా చూడు," అన్నాడు. "మా గ్రూపులో ఎవరో పెట్టినారు. శానా బాగా చెప్పినాడు పెద్దాయన."

నొక్కాను. "అందరికీ ఆశీస్సులు. నేను ఐవోరిని మాట్లాడతా ఉండా." చిన్నాయన గొంతే. వెనక మా ఆవు దూడ అరుపు కూడా వినిపిస్తోంది. ఎనిమిది గంటల్లో బంగారుపాళ్యం నుంచి ఏయే ఊళ్లు తిరిగి, ఎన్ని చేతులు మారి, ఆయన్ను ఎన్నడూ చూడని నా స్నేహితుడి దగ్గరికి వచ్చిందో. దాని పైన రెండు బాణాల గుర్తు పడి ఉంది.

నా ఫోన్‌లో గ్రూపులు మూడున్నాయి, పంపాల్సినవి. మూడూ ఒకేసారి ఎంచుకోబోయాను. ఒకసారికి ఒకరికే పంపగలరు అని ఫోన్ చెప్పింది. ఒకదానికి పంపాను. వెనక్కి వచ్చి, మళ్లీ తెరిచి, రెండోదానికి పంపాను. మళ్లీ వెనక్కి వచ్చాను.